కృపమణి పెదాల మీది మాట

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ఊరి పెద్ద లక్ష్మన్న గారికి, కాలేజీ ప్రిన్సిపాలు హెన్రీ సారుకు, ఈ రోజుతో ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకుంటున్న చరిత్ర సారు మహబూబ్ బాషా గారికి, ఆయన పక్కన కూర్చుని నేనేం మాట్లాడతానో అని నాకంటే ఎక్కువ భయపడుతున్న ఫిరోజా మేడం గారికి, డోన్ పట్నం పెద్దలకు, కాలేజీ పిల్లలకు, రాళ్ళకొట్టాల నుంచి పొద్దున్నే ట్రాక్టరెక్కి వచ్చిన మా వాళ్ళకు, వాళ్ళందరికీ వెనక తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న మా అత్త కృపమణికి నమస్కారాలు.

ఈ మైకు ఇంతకు ముందు మాట్లాడిన సారు ఎత్తుకు పెట్టినట్టుంది. కొంచెం దించండన్నా. ఇంకొంచెం. (నవ్వులు) చాలు.

నా పేరు మహిమ. కృపమణి కోడలిని, ఏసురాజు భార్యను. ఏడో తరగతితో బడి మానేశాను. మా ఆయన బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళు పాలిషు పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నేను కూలికి పోతాను, ఇల్లు చూసుకుంటాను, ఆదివారం చర్చిలో పాటలు పాడతాను, అదీ నలుగురితో కలిసి, నా గొంతు వేరుగా వినపడకుండా. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా వీధి వాళ్ళు ఏసురాజు భార్యకు మాటలు రావేమో అని కూడా అనుకున్నారంట.

నిజానికి ఇక్కడ నిలబడవలసింది మా అత్త. సారు పిలిచింది ఆమెను. ఆమె ఏమన్నదంటే, "నేను ఒకసారి కెమెరా ముందర నిలబడినా, ఈ జన్మకు అది చాలు. ఆడ యాడనో కెమెరా ఉంటాది, మళ్ళా ఎవరో నా నోట్లో వాళ్ళ మాట పెడతారు. నువ్వు పోమ్మే మహిమా. నీకు గొంతుండాది, యాడ దాసిపెట్టినావో ఏమో, ఎత్తుకొని పో" అనింది. (నవ్వులు) అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు కదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నామె, ఆమే.

నాకు చెప్పిన పని రెండు మాటలు మాట్లాడి దిగిపోవడం. సారు గొప్పవాడు, మా ఊరికి వచ్చాడు, ఆయన నూరేళ్ళు బతకాలి, ఇంతే. ఆ మాటలు మా ఆయన కాగితం మీద రాసిచ్చాడు. అవి నిజమే కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను. సారు గొప్పవాడు. మా ఊరికి వచ్చాడు. ఆయన నూరేళ్ళు బతకాలి. (చప్పట్లు) కాగితంలో ఉన్నది అయిపోయింది. ఇప్పుడు కాగితంలో లేనిది మాట్లాడతాను.

చరిత్ర అంటే రాజులు, కోటలు, రాగి రేకులు, కర్నూలు నవాబులు అని నేను బడిలో చదువుకున్నాను. బాషా సారు చెప్పే చరిత్ర అది కూడా, ఇంకోటి కూడా. పల్లెటూళ్ళ మీద తీసిన కథల సినిమాలు కూడా ఒక శాసనం లాంటివే, కాకపోతే ఎవరు చెక్కించారు, ఎవరిచేత చెక్కించారు, చెక్కేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు అని అడుగుతూ చదవాలి అంటాడాయన. అందుకే ఆయన మా ఊరికి వచ్చినప్పుడు చేతిలో పుస్తకం లేదు. బియ్యం సంచిలో చుట్టి పెట్టుకున్న ప్రొజెక్టరు ఉంది. దాన్ని చూసి మా వీధిలో వాళ్ళు మిక్సీ అమ్మడానికి వచ్చాడనుకున్నారు. (నవ్వులు)

మా ఆయన చంటిబిడ్డగా ఉన్నప్పుడు పట్నం నుంచి సినిమావాళ్ళు రాళ్ళకొట్టాలలో దిగారు. లక్ష్మన్న గారి నాయన కట్టించిన పెద్దింటిలోనూ, దాని చుట్టూ వీధుల్లోనూ ఒక సినిమా తీశారు. కథ మీలో చాలామందికి తెలుసు. ఊరి దొర మంచివాడు, ఆయనను శత్రువులు చంపుతారు, కొడుకు కత్తి పడతాడు, ఇంటర్వెల్ తర్వాత జీపులు గాల్లోకి లేస్తాయి. మా ఊళ్ళో జీపు లేచింది ఎప్పుడూ లేదు, చూస్తే గుంతల్లో దిగబడేదే. కానీ ఆ సినిమా ఆడినప్పటి నుంచి మా ఊరి చరిత్ర అదే అయిపోయింది. డోన్ స్టేషన్లో మహానంది పోయే యాత్రికురాలు ఒకామె నా పక్కన కూర్చుని, "మీది ఏ ఊరమ్మా" అని అడిగి, చెప్పగానే సంచి ఒళ్ళోకి లాక్కుని, "మీ ఊళ్ళల్లో బాంబులేసుకుంటారంట కదా" అంది. మా ఆయన అవతల పక్కనే ఉన్నాడు. పండక్కి కోడిని కోయమంటే కళ్ళు మూసుకుని పక్కింటాయన చేతికి కత్తి ఇచ్చే మనిషి. (నవ్వులు) నవ్వుకోండి, ఆయన కూడా నవ్వుతున్నాడు. కానీ ఆ రోజు ఆమె సంచి లాక్కున్న తీరు నాకు ఇంకా గుర్తుంది.

ఆ సినిమానే సారు చాలా ఏళ్ళు క్లాసులో పాఠంగా చెప్పాడు. అందులో దొర చనిపోయిన తర్వాత పల్లె ఆడవాళ్ళందరూ శవం చుట్టూ కూర్చుని గుండెలు బాదుకుని ఏడుస్తారు. అది ఆ కాలపు ఆచారం అని సారు నోట్సు చెప్పాడు, పిల్లలు పరీక్షల్లో రాశారు, సారు మార్కులు వేశాడు. తర్వాత అది తప్పని తెలిసిన రోజు ఆయనే క్లాసులోకి పోయి, "మీరు రాసింది తప్పు, నేను వేసిన మార్కులు ఇంకా పెద్ద తప్పు" అన్నాడంట. ఒక పిల్లవాడు లేచి, "సార్, మార్కులు మటుకు ఉండనీండి" అన్నాడంట. (పెద్దగా నవ్వులు) ఆ పిల్లవాడు ఈ హాల్లోనే ఉన్నట్టున్నాడు.

తప్పని ఎట్లా తెలిసింది? ఒక బొట్టు వల్ల. ఏడ్చే ఆడవాళ్ళలో ఒకామె నుదుట బొట్టు ఒక ముక్కలో ఉంటుంది, పక్క ముక్కలో ఉండదు, మళ్ళీ ఉంటుంది, మళ్ళీ ఉండదు. సినిమా పని తెలిసినవాళ్ళు అది అతికించడంలో వచ్చిన పొరపాటు, పట్టించుకోవద్దు అన్నారు. పట్టించుకోకపోతే ఆయన బాషా సారెందుకవుతాడు? ఆ మొహాన్ని ఫోనులోకి ఎక్కించుకుని, బస్సు దిగి, ఇల్లిల్లూ అడుగుతూ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను శనక్కాయలు వలుస్తున్నాను. "ఈమె ఎవరో తెలుసామ్మా" అని ఫోను చూపించాడు. నేను చూసి భయపడ్డాను. మా ఆయన చీర కట్టుకుని, కొప్పు పెట్టుకుని ఏడుస్తున్నాడు! (నవ్వులు) అదే ముక్కు, అదే గడ్డం. ఆ వయసులో మా అత్త ఎట్లా ఉండేదో చూడడానికి మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు. అందుకే పోల్చుకోలేకపోయాను.

మా అత్త లోపలి నుంచి వచ్చి ఫోను చేతికి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఆ రంగు డబ్బీవాడు పెట్టినాడు సార్, నేను తుడిసినా. మళ్ళా పెట్టినాడు, మళ్ళా తుడిసినా. 'పల్లెటూరి ఆడదంటే బొట్టుండాలమ్మా' అంటాడు. 'మాది పల్లెటూరే, మేము ఆడోళ్ళమే, మాకు బొట్టు లేదప్పా' అంటా నేను. వానికి విసుగొచ్చె, నాకూ విసుగొచ్చె. కెమెరా తిరిగేటప్పుడు ఎవరిది గెలిస్తే వాళ్ళది."

పొరపాటు అనుకున్నది పొరపాటు కాదు. ఒక మనిషి వద్దు అన్నదానికి గుర్తు అది. అప్పటి నుంచి ఆ సినిమాలో ఇంకా ఏమేం దాగి ఉన్నాయో అని సారు వెతకడం మొదలుపెట్టాడు. మా చర్చి కూడా ఉంది అందులో. పైన సిలువకు గోనెపట్టా చుట్టి, తాటాకు కప్పి, దాన్ని దొరగారి వడ్ల కొట్టు చేశారు. వందేళ్ళ తర్వాత ఆ సినిమా మాత్రమే మిగిలితే, రాళ్ళకొట్టాలలో చర్చి లేదు, క్రైస్తవులు లేరు, దొరను తల్చుకుని ఏడ్చేవాళ్ళు మాత్రం ఉన్నారు అని రాస్తారు చదువుకున్నవాళ్ళు.

ఏడ్చేటప్పుడు ఏమంటున్నావమ్మా అని సారు అడిగితే మాత్రం మా అత్త మొహం మారిపోయింది. "నేనేం అనలేదు, పో సార్" అని లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమెతోనే ఉంటున్నాను, ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. సారు రెండోసారి వచ్చినప్పుడు, ఫిరోజా మేడం కూడా వెంట వచ్చి వంటింట్లో మా మధ్య చాప మీద కూర్చున్న తర్వాత, అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళు కొడుక్కి కూడా చెప్పని సంగతి.

ఆ రోజు తలారి పల్లెలోకి వచ్చి, ఇంటికొక ఆడమనిషి పెద్దింటి ముందరికి రావాల అని కేక వేశాడు. రామంటే కుదరదు. బిడ్డను పక్కింటిలో ఇచ్చి పోయింది. ఎర్రటి ఎండలో కూర్చోబెట్టారు. మధ్యలో శవం. షూటింగు ఆగినప్పుడల్లా ఆ శవం లేచి కూర్చుని సిగరెట్టు తాగుతుంది. (నవ్వులు) పొద్దు పైకెక్కింది, రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నొప్పి పుడుతోంది, రవిక తడిసిపోయింది. బిడ్డ ఏడుస్తున్నాడని పక్కింటామె కబురు పంపింది. సినిమా ఆయన, "నోరు కదిలిస్తే చాలమ్మా, ఏదో ఒకటి అనండి, మాటలు తర్వాత మేం పెట్టుకుంటాం" అన్నాడు. కెమెరా ఆమె మొహం మీదికి వచ్చింది. ఏదో ఒకటి అనమన్నారు కదా, ఆమెకు అనవలసింది ఒకటే ఉంది. "బిడ్డ పాలకు ఏడుస్తాండాడు, బిరిగా పంపీండప్పా" అనింది. తొందరగా పంపమని ఏడుస్తూనే అనింది. ఆ ఏడుపు నిజమే. దొర కోసం కాదు, ఇదిగో ఈ వరసలో మీసాలు పెట్టుకుని కూర్చున్న ఏసురాజు కోసం. (నవ్వులు, చప్పట్లు)

కొన్నాళ్ళకు సినిమా డోన్‌కు వచ్చింది. పల్లె పల్లె అంతా కదిలి చూసింది. తెర మీద మా అత్త నోరు తెరిచింది. పట్నం ఆడమనిషి ఎవరిదో గొంతు వచ్చింది. "దొరా, నువ్వే గదా దేవుడు! ఇంక దిక్కెవరు!"

పిల్లలూ, మీరు నవ్వుతారేమో. మాకు అది నవ్వు కాదు. చర్చిలో బాప్తిస్మం తీసుకున్న మనిషి ఒక దొరను పట్టుకుని నువ్వే దేవుడు అంటే ఏమవుతుంది? అప్పటి పాస్టరు జ్ఞానరాజు అయ్యగారు పిలిచి అడిగాడు. నేను అనలేదయ్యా అనింది. ఊరంతా చెవులారా విన్నది కదమ్మా అన్నారు పెద్దలు. ప్రభు భోజనానికి ఆమెను రానివ్వలేదు. అందరూ వరసగా ముందుకు పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆమె వెనక తలుపు దగ్గర చాప మీద బిడ్డను పెట్టుకుని కూర్చునేది. తర్వాత అయ్యగారు మారారు, రమ్మన్నారు, పోయింది. కానీ చాప మాత్రం మారలేదు. ఈ రోజుకూ చర్చిలో ఆమె కూర్చునేది ఆ తలుపు పక్కనే. ఇక్కడ కూడా చూడండి, ముందర కుర్చీలు ఖాళీగా ఉన్నా యాడ కూర్చుందో.

సినిమాను ఆధారంగా తీసుకోవచ్చా అని మీ కాలేజీలో చర్చలు జరుగుతాయంట. మా పల్లెలో ఎప్పుడో తీసుకున్నారు సార్. ఆ సినిమానే ఆధారంగా పెట్టుకుని మా అత్తకు శిక్ష వేశారు.

సారు ఏం చేశాడో వినండి. ఒక ఆదివారం ఆరాధన అయిన తర్వాత చర్చిలోనే, కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద ఆ సినిమా వేశాడు. గొంతు పూర్తిగా తీసేసి వేశాడు. ఆయన పద్ధతే అది, మాటలు ఆపితే ఊరు కనపడుతుంది అంటాడు. ఇంట్లో కూడా అంతేనంట, "నేను మాట్లాడతాంటే మాట ఇనడమ్మా, నా మొగం చూస్తా కూసుంటాడు" అని మేడం ఫిర్యాదు. (నవ్వులు) మాటలు లేకపోయేసరికి మా వాళ్ళకు హీరో కనపడలేదు, హీరో వెనక ఊరు కనపడింది. అది కరువు ఏడాది. పాట కోసం సినిమావాళ్ళు కాలవ కింది ఊళ్ళ నుంచి పచ్చటి వరి మొక్కలు లారీల్లో తెచ్చి మా ఎండిన నేలలో గుచ్చారు. హీరో హీరోయిన్ ఎగురుతుంటే ఒక మూల నుంచి బక్కచిక్కిన ఆవు ఒకటి వచ్చి ఆ పొలాన్ని మేస్తుంది. దాని వెనక ఇంకోటి. పాట చివరికి వచ్చేసరికి సగం పొలం లేదు. (నవ్వులు) "ఆ గొడ్డు మాదే, పక్కటెముకలు చూడండి" అని ఒక తాత లేచి నిలబడ్డాడు. ఆ ఏడాది గడ్డి లేక అది పోయిందంట. ఆయన నవ్వుతూ లేచి, ఏడుస్తూ కూర్చున్నాడు. పచ్చదనం చూపించడానికి తీసిన పాటలో మా కరువు ఉంది సార్. వాళ్ళు పెట్టలేదు, దానంతట అదే వచ్చింది.

తర్వాత శవం దగ్గరి ఘట్టం. మా అత్త మొహం గోడంత అయింది. సారు ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపాడు. ఇప్పుడు మీ అందరికీ ఒక పని చెప్తాను, సిగ్గుపడకుండా చేయండి. పక్కనున్నవాళ్ళ మూతి చూస్తూ అనండి. "దొరా, నువ్వే గదా దేవుడు, ఇంక దిక్కెవరు." అనండి. (సభలో కలకలం, నవ్వులు) పెదాలు రెండూ ఒక్కసారైనా కలిశాయా? కలవవు. ఇప్పుడు "బిడ్డ పాలకు ఏడుస్తాండాడు, బిరిగా పంపీండప్పా" అనండి. కలవకుండా అనగలరా? హెన్రీ సారూ, మీరు ప్రయత్నం చేస్తున్నారు, నాకు కనపడుతోంది, కుదరదు సార్. (పెద్దగా నవ్వులు)

గోడ మీద మా అత్త పెదాలు మాటిమాటికీ కలుస్తున్నాయి. చర్చిలో ఎవరూ నవ్వలేదు. మా సంఘంలో అందరికంటే పెద్దాయన ఏసేపు తాత, ఆ రోజు ఆమెను ఆపిన పెద్దల్లో ఇప్పటికీ బతికి ఉన్నవాడు ఆయనొక్కడే. "ఇంకోసారి ఏయి సార్" అన్నాడు. వేశాడు. "ఇంకోసారి" అన్నాడు. తాత గోడకు దగ్గరగా పోయి ఆమె పెదాలతో పాటు తనూ కదిలిస్తూ, "బిడ్డ... పాలకు..." అని చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి, "కృపమణీ, ముందరికి రామ్మా" అన్నాడు.

మా అత్త చాప మీది నుంచి కదలలేదు. "ఉండనీ మామా, ఈడ గాలి బాగొస్తాది" అనింది.

ఈ సంగతంతా సారు రాశాడు. ఊరి వాళ్ళు చూస్తూ చెప్పిన మాటలన్నీ ఒక పుస్తకం చేశాడు. ఈ రోజు మీ అందరి కుర్చీల మీద పెట్టింది ఆ పుస్తకమే. పొద్దున హాల్లోకి రాగానే నేను తెరిచి మా అత్త పేరు కోసం వెతికాను. ఆవులు ఉన్నాయి, వరి మొక్కలు ఉన్నాయి, జీపులు ఉన్నాయి. శవం దగ్గర పల్లె ఆడవాళ్ళ అధ్యాయం లేదు. మొత్తానికే లేదు. సారును అడిగితే తల వంచుకుని, "అచ్చు వేయించింది సన్మాన సంఘం కదమ్మా, చివరలో తీసేశారు, నాకూ నిన్ననే తెలిసింది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి వీడ్కోలు రోజున తల వంచుకునే పని పెట్టారు.

(అధ్యక్షుల వారి నుంచి చీటీ అందింది.)

చీటీ వచ్చింది. చదువుతాను. "సమయాభావం వల్ల త్వరగా ముగించగలరు." ముగిస్తానయ్యా. కానీ చెప్పి ముగిస్తాను.

లక్ష్మన్న గారూ, మీరంటే మాకు మర్యాద ఉంది. ఈ రోజు భోజనాలు మీవే, ఈ పుస్తకం అచ్చు ఖర్చు మీదే, మా ట్రాక్టరుకు డీజిలు కూడా మీరే పోయించారు. కానీ పోయిన నెల మీరు మా వాకిట్లో బండి ఆపి మా ఆయనతో అన్న మాట నేను తలుపు వెనక నుంచి విన్నాను. "ఏసురాజూ, మీయమ్మ మొగం సినిమాలో కనపడ్డమే గొప్ప కదప్పా. యాడనో ఒక మూల పెదాలు కదిలితే అది చరిత్ర అయితాదా? ఆధారం యాడుండాది?" అన్నారు. మా ఆయన, "సారును అడగండి అయ్యా" అని ఊరుకున్నాడు. నేను తలుపు వెనకే ఉండిపోయాను. ఇప్పుడు తలుపు లేదు, కాబట్టి చెప్తున్నాను.

ప్రతి ఏడూ మీ నాయనగారి వర్ధంతి రోజు ఊరి నడిమధ్యలో తెర కట్టి ఆ సినిమాలో ఏడ్చే ముక్క వేస్తారు. ఆ దొర మా నాయనే, పల్లె పల్లెంతా ఆయన కోసం ఎట్లా ఏడ్చిందో చూడండి అంటారు. అయ్యా, ఆ సినిమా తీసేనాటికి మీ నాయనగారు బతికే ఉన్నారు. పెద్దింటి అరుగు మీద కుర్చీ వేసుకుని ఆ షూటింగు చూశారంట. (నవ్వులు) మీ నాయన మంచివాడై ఉండవచ్చు. ఆయన పోయినప్పుడు నిజంగా ఏడ్చినవాళ్ళు కూడా ఉండవచ్చు, వాళ్ళను పిలిచి అడగండి, సారు అది కూడా రాస్తాడు. మా అత్త ఏడుపు మాత్రం మీది కాదు. అది మీరు పెట్టుకోవడానికి కుదరదు.

ఆధారం యాడుందని అడిగారు. మీ తెర మీదనే ఉంది. ఈసారి వర్ధంతికి గొంతు తీసేసి వేయండి. ఊరంతా ఇప్పుడు మూతులు చదవడం నేర్చుకుంది.

అధ్యక్షుల వారు నీళ్ళు తాగుతున్నారు, తాగనివ్వండి. నాక్కూడా గొంతు ఎండింది.

అత్తా. లేయత్తా. నువ్వు రానన్నావు, నేను వచ్చాను. నా నోటితో చెప్తే అది కోడలి మాటే అవుతుంది. ఆ రోజు ఏమన్నావో నువ్వే ఒక్కసారి అను. మైకు వద్దు. అక్కడి నుంచే అను.

(హాలంతా వెనక్కి తిరిగింది. కృపమణి కొంగు దించి లేచి నిలబడింది. "బిడ్డ పాలకు ఏడుస్తాండాడు, బిరిగా పంపీండప్పా! ఇదే నేనన్నది. దేవుడని అన్లా. నాకు దేవుడుండాడు." కూర్చుంది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.)

అదీ సార్, మీ పుస్తకంలో లేని అధ్యాయం.

ఈ పుస్తకం నేను ఇంటికి తీసుకుపోను. ఇదిగో, ఈ బల్ల మీదనే పెడుతున్నాను. మీ మీద కోపంతో కాదు సార్. ఆ పేజీలు అచ్చయి వచ్చిన రోజున నేనే డోన్‌కు వచ్చి తీసుకుపోతాను. అప్పటి వరకు మా చర్చి తలుపు తీసే ఉంటుంది. ఆదివారం ఆరాధన అయిన తర్వాత మీ ప్రొజెక్టరు బియ్యం సంచిలో చుట్టుకుని రండి. మీకు కాలేజీలో రిటైర్మెంటు ఉంది కానీ మా ఊళ్ళో లేదు. మేడం గారూ, మీరు కూడా రావాలి. ఆ రోజు మీరు చాప మీద కూర్చోకపోతే మా అత్త నోరు తెరిచేది కాదు.

మమ్మల్ని పిలిచిన సంఘానికి, ఇంతసేపు విన్న మీకు, నా కాగితం పనికి రాకుండా పోయినా కోపం తెచ్చుకోకుండా కూర్చున్న మా ఆయనకు కృతజ్ఞతలు.

ఆఖరుగా ఒక మాట, అది వీడియో తీస్తున్న జావేద్ అన్నకు. అన్నా, మా పెళ్ళి వీడియో తీసింది కూడా నువ్వే. బాగా తీశావు. కానీ పెళ్ళి ప్రమాణం చేసేటప్పుడు నేను నోరు తెరిచి చెప్పిన మాట మీద సినిమా పాట పెట్టావు. నా పెళ్ళిలో నేనేమన్నానో మా ఇంట్లో ఎవరికీ వినపడదు. (నవ్వులు) అప్పుడు నేను కొత్త పెళ్ళికూతురిని, అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. సారు చెప్పిన ప్రకారం నువ్వు తీస్తున్నది కూడా రేపటికి ఒక ఆధారమే. ఎప్పుడో ఎవరో దీన్ని చూస్తారు. ఇక్కడ ఒక ఆడమనిషి నోరు కదిలిస్తోంది, ఏమంటోంది అని అడుగుతారు.

నా మాట మీద పాట పెట్టొద్దన్నా. మా అత్త మాట మీద అసలే పెట్టొద్దు.

సెలవు.